థర్మోస్టాట్ మీద అక్షింతలు

ఇంజన్ విప్పిన ప్రతిసారీ ఏదో ఒకటి చూసి నిర్ఘాంతపోవడం నా వృత్తిలో భాగమైపోయింది. గాలి వడగట్టే డబ్బాలో ఎలుక పెట్టిన గూడు చూశాను. ఇంజన్ ఆయిలు ఉండాల్సిన చోట గానుగ నూనె చూశాను. ఫ్యాన్ బెల్టు తెగితే చీర చెంగు చించి, మెలివేసి కట్టి, చంద్రగిరి నుంచి మా గడప దాకా నడుపుకొచ్చిన కారును చూశాను. చెంగు లేని ఆ చీర కట్టుకున్న ఆమె వెనక సీట్లోనే ఉంది. ఎన్నేళ్ళు చేసినా నిర్ఘాంతపోవడం తగ్గలేదు. తగ్గకపోవడమే మంచిదని ఇప్పుడు అనిపిస్తుంది. లోపల ఏముంటుందో నాకు తెలుసులే అనుకుని మూత విప్పేవాళ్ళు అనుకున్నదాన్నే చూస్తారు, ఉన్నదాన్ని చూడరు.

మోటారు పని నేర్చుకుంటున్న ఆడపిల్లలు కొందరు ఈమధ్య ఇంటికొచ్చి, "అవ్వా, నీ పని సంగతులు మాకు రాసియ్యి" అన్నారు. చెప్పుకోదగ్గ హోదాలేవీ నాకు లేవు. తిరుపతిలో మా ఇంటి వెనక రేకుల పంచే నా కార్ఖానా. కంటిచూపు మందగించేదాకా అక్కడే పనిచేశాను. ఆ పనుల్లోంచి థర్మోస్టాట్ ఒక్కటి తీసుకుని రాస్తున్నాను. అరచేతిలో ఇమిడే వస్తువు అది. ఇంట్లోనే మార్చుకోవచ్చు. అయినా దాని మూలంగా ఒకసారి నా పనే పోబోయింది.

మా నాయన నేర్పింది

మాది చిత్తూరు. మా నాయన లారీల మేస్త్రీ. నన్ను బడికి పంపలేదు. ఇంట్లోనే పలక మీద అక్షరాలు దిద్దించాడు, ఆ చేతికే స్పానర్ కూడా ఇచ్చాడు. ఆడపిల్లకు ఇదేం పనని అడిగినవాళ్ళకు, "దాని సెయ్యి సన్నం. నా సెయ్యి దూరని తావుల్లో దానిది దూరతాది" అని జవాబు చెప్పేవాడు. నాకు జరిగిన మేళ్ళన్నిట్లోకీ ఆ జవాబు పెద్దది. రోజూ దీపం పెట్టేటప్పుడు ఆయనను తలుచుకుంటాను.

ఆ రోజుల్లో చిత్తూరు షెడ్లలో ఒక అలవాటు ఉండేది. ఏ బండి వచ్చినా ముందు థర్మోస్టాట్ పీకేసేవాళ్ళు. దాన్ని వాల్వు అనేవాళ్ళు. పీకిన వాల్వులన్నీ ఇనుప తీగకు గుచ్చి షెడ్డు ముందర తోరణంలా వేలాడదీసేవాళ్ళు. ఎంత పొడుగు తోరణముంటే అంత పెద్ద మేస్త్రీ అన్నమాట. మా నాయన షెడ్డుకు మాత్రం ఆ తోరణం లేదు.

పక్క షెడ్డు రెడ్డెప్ప మేస్త్రీ ఒకరోజు ఎగతాళి చేశాడు.

"ఏమప్పా, మన సిత్తూరు ఎండల్లో ఇంజన్‌కు కంబళి కప్పుతాండావే! దొరల సీమదేశంలో మంచు కురస్తాది గాబట్టి వాళ్ళు పెట్టినారు. మనకు యాల?"

"సలికి కాదబ్బా అది" అన్నాడు మా నాయన. "పొద్దున లేచీ లేవంగానే నిన్ను మూట మోయమంటే మోస్తావా? కాళ్ళూ సేతులూ సాపుకోవల్లగదా. ఇంజన్‌కూ అంతే. ఒళ్ళు కాగినాకనే పనికి ఒంగుతాది. కాగేదాకా నీళ్ళను లోపలే పట్టి పెట్టేది ఈ వాల్వు."

"కాగినాక?"

"వాకిలి తెరస్తాది. నీళ్ళు రేడియేటర్‌కు పోయి సల్లబడి మళ్ళా వస్తాయి."

"తెరవకపోతే?"

"అట్ల అడుగు, అది మేస్త్రీ అడగాల్సిన మాట" అన్నాడు మా నాయన. రెడ్డెప్పకు జవాబు చెప్పకుండా నావైపు తిరిగి, "పోయి గిన్నెలో నీళ్ళు పెట్టుకోని రా పాపా" అన్నాడు.

అలా వాల్వును వేడినీళ్ళలో వేలాడదీసి పరీక్షించడం నేర్చుకున్నాను. తెరుచుకుంటే మంచిది. తెరుచుకోకపోతే పారేసి కొత్తది వేయాలి. మంచిదో చెడ్డదో చూడకుండా పీకి తీగకు గుచ్చడం పని కాదు, పని తప్పించుకోవడం. ఈ మాట కటువుగా ఉందని నాకు తెలుసు. ఆ తోరణాలు కట్టినవాళ్ళలో చాలామంది మంచి చేతిపనివాళ్ళే. కానీ ఒక వస్తువు ఎందుకుందో అడగకుండా తీసి పారేసే అలవాటు ఒకదానితో ఆగదు.

మాట్లాడని యజమాని

పెళ్ళయి తిరుపతికి వచ్చాను. మా అత్తగారింట్లో రెండు అంబాసిడర్ టాక్సీలు. మా ఆయన అన్న చెంగల్రాయులు, అంటే మా బావగారు, వాటికి యజమాని. ఒక బండి ఆయన మద్రాసు దారిలో నడిపేవారు. రెండోది మా ఆయన కొండకు నడిపేవాడు. బళ్ళు కట్టేది ఇంటి వెనక పంచలో. నేను అంట్లు తోముకుంటూ ఆ ఇంజన్ల దగ్గు వింటూ ఉండేదాన్ని. ఒకరోజు ఉండబట్టలేక కార్బొరేటర్ సరిచేశాను. అది చూసి మా ఆయన బిత్తరపోయాడు. మా అత్త మునెమ్మ మాత్రం నా చేతిలోని చీపురు తీసుకుని, "ఈడ నేను సూసుకుంటాలే, ఆడికి పో" అంది. ఆ రోజు నుంచి సగం వంట ఆమె మీదే పడింది. ఒక్కనాడూ విసుక్కోలేదు.

మా బావగారిది వేరే పద్ధతి. తమ్ముడి భార్యతో నేరుగా మాట్లాడటం మర్యాద కాదని ఆయన నమ్మకం. యజమానిగా పని చెప్పాలి, మాట్లాడకూడదు. అందుకని బండి బంపరుతో మాట్లాడేవారు.

"ఈ బ్రేకులు ఒగపక్కకు లాగతాండాయి. రేపు మద్రాసు బాడిగ ఉండాది" అని బంపరుకు చెప్పి వెళ్ళిపోయేవారు. నేను బ్రేకులు సరిచేసేదాన్ని. సాయంత్రం వచ్చి, "ఇప్పుడు బాగుండాది" అని మళ్ళీ బంపరుకే చెప్పేవారు. మా ఆయన నవ్వేవాడు. "మా అన్న దగ్గర ఆ బంపరుకున్న విలువ నాకు లేదుమే" అనేవాడు.

కోపం తొందరగా వస్తుందనే కానీ మా బావగారు న్యాయం తెలిసిన మనిషి. ఇంటి కోడలు బళ్ళ కింద దూరుతుందని ఊళ్ళో నలుగురూ నవ్వుతుంటే ఆ నవ్వు భరించి నాకు పని ఇచ్చారు. దానికి నేను ఎప్పటికీ రుణపడే ఉంటాను.

రెండు బళ్ళకూ వాల్వులు లేవు. కొనేటప్పటికే ఎవరో పీకేశారు. చలికాలం తెల్లవారుజామున కొండ మీద బయలుదేరితే మా ఆయన బండి కిందికొచ్చేదాకా ఇంజన్ వేడెక్కేది కాదు. పెట్రోలు తాగేది, నల్లపొగ వదిలేది. ఒక థర్మోస్టాట్ తెప్పించి వేస్తానని మా ఆయన ద్వారా అడిగించాను. బావగారు మద్రాసు బండికి ఒప్పుకోలేదు. కొండ బండికి మాత్రం, "సరే, అదొగదానికి ఏసి సూడనీ" అని బంపరుకు అనుమతిచ్చారు.

మార్చే పని

ఇది నేర్చుకునేవాళ్ళ కోసం. తొందర లేనివాళ్ళు చదవండి.

బండి పూర్తిగా చల్లారాక మొదలుపెట్టాలి. వేడి రేడియేటర్ మూత తిప్పడం, మరుగుతున్న కుక్కర్ మూత లాగడం ఒకటే. రేడియేటర్ అడుగు కుళాయి తిప్పి కాసిని నీళ్ళు శుభ్రమైన బిందెలోకి పట్టుకోవాలి. పైగొట్టం ఇంజన్‌ను కలిసే చోట వంకర మెడలాంటి ఇనుప మూత ఉంటుంది. దాని కిందే థర్మోస్టాట్. గొట్టం వదులు చేసి మూత నట్లు విప్పాలి. తుప్పు పట్టి ఉంటే కిరసనాయిలు పోసి, వెళ్ళి అన్నం తినిరండి. బలం చూపిస్తే బోల్టు ఇంజన్లోనే విరుగుతుంది. అప్పుడు ఏడవాల్సిందే.

మూత లేచాక వాల్వు ఎటు తిరిగి ఉందో చూసి గుర్తుపెట్టుకోవాలి. వేడికి సాగే బుడ్డి ఇంజన్ వైపు ఉండాలి. తలకిందులుగా పెట్టినవాళ్ళను చూశాను, అది కూడా ఒక నిర్ఘాంతమే. నీళ్ళు కారకుండా మూతకూ ఇంజన్‌కూ మధ్య వేసే పాత అట్ట మరకలు మొద్దు కత్తితో గీకేయాలి. కొత్త అట్టకు నేను పెళ్ళి శుభలేఖలు వాడేదాన్ని. మందంగా, గట్టిగా ఉంటాయి. అట్టను ఇంజన్ మూతి మీద పెట్టి అంచు వెంబడి సుత్తితో మెల్లగా తట్టితే దానంతటదే తెగి ఆకారం వస్తుంది. గ్రీజు రాసి కూర్చోబెట్టి నట్లు ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించాలి. ఒకటే ముందు బిగించేస్తే మూత పగులుతుంది.

నీళ్ళు మాత్రం మా చిత్తూరు బావి నీళ్ళు పోయకండి. ఉప్పు పేరుకుంటుంది. వాన నీళ్ళు పట్టుకోండి, లేదా కాచి చల్లార్చి వడగట్టండి. ఇంజన్ నడిపి పైగొట్టం మీద చెయ్యి పెట్టండి. చాలాసేపు చల్లగా ఉండి, ఉన్నట్టుండి వేడెక్కితే వాల్వు తెరుచుకున్నట్టు. ఆ క్షణం నాకు ప్రతిసారీ సంతోషమే. మనసులో ఒక నమస్కారం పెట్టుకునేదాన్ని.

కొండ బండికి అలా వేశాను. పొగ పోయింది. ఎండాకాలంలో మంటలు పుట్టే ఘాట్ రోడ్డు మీద కూడా మరగకుండా నడిచింది. అదంతా నిజం. అందుకే తర్వాత జరిగినది నమ్మలేకపోయాను.

పెళ్ళివారి ముందర

ఆడికృత్తిక కావళ్ళ పండుగ దాటి ముహూర్తాలు మొదలైన రోజులు. చిత్తూరు నుంచి ఒక పెళ్ళివారు కొండ మీద పెళ్ళికి మా బండి మాట్లాడుకున్నారు. పెళ్ళికొడుకు, అతని తల్లి, మేనమామ ఎక్కారు. మా ఆయన పొద్దున్నే బయలుదేరాడు. నేను నీళ్ళు చూద్దామని వచ్చేసరికి బండి కదిలింది. "మీ అత్త నీళ్ళు సూసిందంటలే" అని మా ఆయన చెయ్యి ఊపాడు. ఇంట్లో అందరికీ నీళ్ళు చూడటం నేనే నేర్పాను, కొన్ని వారాలుగా అత్త కూడా చూస్తోంది కాబట్టి పట్టించుకోలేదు.

మధ్యాహ్నానికి బండి తిరిగొచ్చింది. మెల్లగా, ఆగి ఆగి. బానెట్ కింద నుంచి ఆవిరి. మా ఆయన ఎడమ చేత్తో స్టీరింగ్ పట్టుకున్నాడు. కుడి చేతికి తువ్వాలు చుట్టి ఉంది. అది విప్పి చూశాను. ముంజేయి అంతా ఎర్రగా బొబ్బలెక్కింది.

ఘాట్ రోడ్డు సగం ఎక్కేసరికి బండి మరిగిందట. పెళ్ళికొడుకు తల్లి ముహూర్తం దాటిపోతుందని ఏడుపు అందుకుంది. ఆ గాబరాలో మా ఆయన మూత తిప్పాడు. ఉడుకునీళ్ళు చేతి మీద చిమ్మాయి. ఎవరిదో జీపు ఆపి పెళ్ళికొడుకును బాసికంతో సహా అందులో ఎక్కించి పంపారు. ముహూర్తం దక్కింది కానీ పరువు దక్కలేదు. దారిన పోయే లారీ డ్రైవరు ఒకడు తొంగిచూసి, "వాల్వు మూసుకోని పోయింది. పీకి పారెయ్యండప్పా" అని చెప్పి వెళ్ళాడట.

ఆ మాట మా బావగారి చెవిన పడింది. మద్రాసు బండి పక్కనే చల్లగా నిలబడి ఉంది, వాల్వు లేకుండా. ఆయన రెండు బళ్ళనూ మార్చి మార్చి చూశారు. తర్వాత బంపరును కూడా వదిలేసి, గోడకేసి చూస్తూ అరిచారు.

"వాల్వు లేని బండి మద్రాసుకు పోయి వస్తాండాది. వాల్వు ఏసిన బండి నా తమ్ముని సెయ్యి కాల్సింది. పెండ్లివారి ముందర నా తల తీసేసినట్టయింది. ఇంగ ఈ ఇంట్లో ఆడోళ్ళు బండి మింద సెయ్యి పెట్టేది లేదు. ఆ సామాన్లన్నీ మూటగట్టి నా గదిలో పెట్టమను."

"అన్నా, దాని తప్పేముండాది—" అన్నాడు మా ఆయన.

"సెయ్యి కాలినోనివి నువ్వు. నోరు మూసుకో!"

నా స్పానర్లు మా నాయన ఇచ్చినవి. అవి ఆ గదిలోకి పోతే మళ్ళీ బయటికి రావు. ఇంత కాలం నేర్చుకున్నది, చేసింది, అన్నీ అక్కడితో సరి. అంతకన్నా పెద్ద భయం మరొకటి. నేను వేసిన వస్తువే నా మనిషి చేతిని కాల్చిందా? వెంకన్నస్వామీ, నా చేతులతో నేనే చేశానా ఇది? ఆ ప్రశ్న ముందు మిగతావన్నీ చిన్నవైపోయాయి.

"మూట గడతాను అత్తా" అన్నాను, బావగారికి వినబడేలా. "కట్టే ముందు ఆ వాల్వు ఒక్కటి నన్ను విప్పి చూడనీమను. అది తెరుచుకోలేదంటే నేనే సామాన్లు తెచ్చి ఆ గదిలో పెడతా."

మా అత్త, కొడుకు చేతికి వెన్న రాస్తూ తలెత్తకుండానే అంది. "సూడనీరా పెద్దోడా. విప్పితే పోయేదేముండాది?"

ఆయన గోడకే తలాడించారు.

మూత విప్పాక

బండి పూర్తిగా చల్లారేదాకా కూర్చున్నాను. బావగారు మంచం వాల్చుకుని కాపలా ఉన్నట్టు కూర్చున్నారు. ముందు రేడియేటర్ మూత తీశాను. తీసి లోపలికి చూశాను. మళ్ళీ చూశాను. నా కళ్ళనే నేను నమ్మలేదు.

పై తొట్టిలో పసుప్పచ్చటి ముద్ద ఉంది. వేలితో తీస్తే జిగటగా సాగింది. గొట్టాల మూతులన్నీ పూడుకుపోయాయి. ఇనుప మూత నట్లు విప్పాను. థర్మోస్టాట్ పైకి తీశాను. ఇత్తడి వాల్వు చుట్టూ అదే పసుపు పూత. నీళ్ళు మరిగి తగ్గిపోయాక అది వేడికి ఎండి, గంజి పెట్టి ఆరేసిన గుడ్డ మడతలా అతుక్కుపోయి ఉంది. ఆ వాల్వు తెరుచుకోలేదు. తెరుచుకోగలిగే స్థితిలో లేదు. పూతలో అక్కడక్కడా ఉడికి పగిలిన మెతుకులు కనిపిస్తున్నాయి.

ఇంజన్లో అన్నం!

ఎలుక గూడు చూసినప్పుడు కూడా నేను అంత అదిరిపోలేదు. మెతుకులను వేళ్ళ మధ్య నలిపి వాసన చూశాను. పసుపు, కుంకుమ. ఎవరు వేశారో ఆ వాసనతోనే నాకు అర్థమైంది. మా ఇంట్లో శుక్రవారం పూట బళ్ళకు బొట్టు పెట్టేది ఒకరే.

నోరు తెరిస్తే నా తప్పు లేదని తేలిపోతుంది. కానీ నా చేతిలోంచి చీపురు తీసుకున్న మనిషి ఆమె. చేతిలో వాల్వు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"ఏముండాదంట?" అని మంచం మీద నుంచి బావగారు అడిగారు, ఎవరినో.

మా ఆయన తొంగిచూశాడు. కాలిన చెయ్యి సంగతి మరిచిపోయి పకపకా నవ్వాడు. "అన్నా, సింతపండొగటే తక్కువ. అదుంటే పులిహోరే!"

నవ్వు విని మా అత్త మజ్జిగ చెంబుతో వచ్చింది. నా చేతిలోది చూసి, "అదేంది పద్మా, పసుప్పచ్చంగా?" అంది ఎంతో మామూలుగా. ఆమే దగ్గరికొచ్చి చూసింది. మెతుకు గుర్తుపట్టింది. చెంబు కింద పెట్టేసింది.

"నా అచ్చింతలు" అంది.

మా ఆయన నవ్వు ఆగిపోయింది.

"ఆడికృత్తిక నాటినుంచి ఏస్తాండా" అంది మెల్లగా. "కొండెక్కేటప్పుడు బండిని కాపాడేది నీళ్ళేనని వీడే సెప్పినాడు. నీళ్ళంటే గంగమ్మగదా? బావిలో నీళ్ళు పడితే పసుపూ కుంకుమా అచ్చింతలూ ఏసి మొక్కతాము. ఈ నీళ్ళకు మొక్కేవాళ్ళు ఎవురూ లేరే అని, శుక్రవారం శుక్రవారం మూత దీసి పిడికెడు ఏసి మొక్కినా. ఈ పొద్దు పెండ్లిబండిగదా అని ఇంగొంచెం ఎక్కువ ఏసినా." ఆమె చూపు మా ఆయన చేతి మీదికి పోయింది. "అయ్యో నా తండ్రీ! నీ సెయ్యి కాల్సింది నేనా?"

అంత గట్టి మనిషి నేల మీద కూలబడింది. మా ఆయన పక్కనే కూర్చుని, "ఊరుకోమ్మా, నీ గంగమ్మ నన్ను బతికిచ్చిందిలే. మొఖం మింద పడి ఉంటే?" అన్నాడు. నేను ఏడ్చాను. కష్టానికి కాదు. అంత ప్రేమగా వేసిన బియ్యం అలాంటి పని చేయగలదని అప్పటిదాకా నేను ఎరగను. దేవుడి గదిలో నేను కూడా అవే అక్షింతలు వేస్తాను. ఎక్కడ వేస్తున్నామన్నది ఎంత పెద్ద సంగతో ఆ రోజు తెలిసింది.

పాలగిన్నె

తల్లి చేసిన పనికి మా బావగారు ఏమీ అనలేకపోయారు. కానీ ఓడిపోవడం కూడా ఇష్టం లేదు. కాసేపు పచార్లు చేసి బంపరు ముందు నిలబడ్డారు.

"అచ్చింతలు అమ్మవే అనుకో. వాల్వు లేకపోయుంటే ఆ గంజి యాడికాడికి కారిపోయుండును. అడ్డం పడింది వాల్వే. పీకెయ్యల్ల. సామాన్లు గదిలోకే."

గొట్టాలు కూడా పూడుకుపోయాయి కదా అని నేను అనబోయాను. నాకన్నా ముందు మా అత్త కళ్ళు తుడుచుకుని లేచింది.

"అది ఏం జేస్తాదో తెలీకుండా నేను బియ్యం పోసినా. తెలీకుండానే నువ్వు పీకతాండావు. మనిద్దరికీ తేడా ఏముండాదిరా? పద్మా, అదేం జేస్తాదో ముందు నాకు సూపీ."

వాల్వును చింతపండు పెట్టి తోమాను. ఇత్తడి మెరిసింది. చుట్టూ ఉన్న గంజంతా పోయింది. పరీక్షకు గిన్నె కావాలి.

"పాలగిన్నె అయితే లోతుగా ఉంటుంది అత్తా" అన్నాను భయపడుతూ.

"పాలగిన్నెలోనా! ఇంజన్లోదాన్నా!" అని గుండె మీద చెయ్యి వేసుకుంది. ఒక్క క్షణం ఆలోచించి, ఆమే తెచ్చి ఇచ్చింది. "తర్వాత బూడిదేసి తోముకుంటాలే."

కట్టెల పొయ్యి మీద గిన్నె పెట్టి, దారంతో వాల్వును నీళ్ళ మధ్య వేలాడదీశాను. అత్త పొయ్యి ముందు కూర్చుంది. నేను వంటింట్లో ఉంటే లోపలికి రాని బావగారు గడప దగ్గర నిలబడ్డారు. మా ఆయన ఆయన భుజం మీదుగా చూస్తున్నాడు. నీళ్ళు వేడెక్కుతున్నాయి. వాల్వు మూసుకునే ఉంది. ఇంకా మూసుకునే ఉంది. ఆ గంజితో లోపల ఏదైనా చెడిపోయి ఉంటే నా గతి ఏమిటని స్వామిని తలుచుకుంటూ ఉన్నాను. ఉడుకు బుడగలు గిన్నె అడుగున లేవడం మొదలైంది.

"కదల్లేదే" అన్నారు బావగారు.

అప్పుడే కదిలింది. ఇత్తడి బిళ్ళ అంచు నుంచి సన్నగా లేచింది. చూస్తుండగానే ఇంకా లేచి, వాకిలిలా తెరుచుకుంది.

"అమ్మా గంగమ్మ తల్లీ!" అని అత్త రెండు చేతులూ జోడించింది. "ఎవురూ ముట్టుకోకుండానే!"

చెంబుతో చన్నీళ్ళు పోశాను. బిళ్ళ మెల్లగా దిగి మూసుకుంది.

"ఇంగోసారి" అంది అత్త. మళ్ళీ కాచాను. మళ్ళీ తెరుచుకుంది. మా బావగారు గడప దాటి వచ్చి పొయ్యి పక్కన గొంతుక్కూర్చున్నారు. గిన్నెలోకే చూస్తున్నారు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

"ఇది... ఎప్పుడూ ఇట్లనే తెరుసుకుంటాదా పద్మా?"

నా చేతిలో దారం జారబోయింది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఆయన నా పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

"వేడెక్కితే తెరుసుకుంటాది బావా. సల్లబడితే మూసుకుంటాది" అన్నాను తలవంచుకుని. "గంజి పెట్టకపోతే."

మా ఆయన దగ్గినట్టు నవ్వాడు. బావగారు కూడా నవ్వారేమో, నేను చూడలేదు. లేచి వెళ్తూ గడప దగ్గర ఆగారు. "రేడియేటర్ విప్పి బాగా కడుగు. మద్రాసు బండికి గూడా ఇట్లాంటిదొగటి తెప్పియ్యల్ల" అన్నారు. చుట్టుపక్కల బంపరు లేదు కాబట్టి ఆ మాట కూడా నాతోనే అన్నట్టు లెక్క.

సామాన్ల మూట కట్టలేదు.

శుక్రవారం

రేడియేటర్ బాగుచేయడానికి చాలా అవస్థ పడ్డాను. తొట్టి విప్పించి, సన్నటి ఇనుప రేకుతో ఒక్కో గొట్టంలోని మెతుకులు తోసేశాను. ఇప్పుడు పనిలోకి వచ్చేవాళ్ళకు ఒక మాట. బండి మరిగిందని వచ్చినవాళ్ళను, ఏం పోశారని అడగండి. ఏం పోశారో చెప్పడానికి సిగ్గుపడనవసరం లేనట్టు అడగండి. కారుతున్న రేడియేటర్లో పసుపు వేసినవాళ్ళున్నారు, గుడ్డు పగలగొట్టి పోసినవాళ్ళున్నారు. అందరూ బండిని కాపాడుకోవాలనే పోశారు. మీరు ఎగతాళి చేశారంటే ఇంకోసారి చెప్పరు. దాచిపెడతారు. అప్పుడు చేతులు కాలతాయి.

బండి మళ్ళీ కొండకు బయలుదేరేది శుక్రవారం నాడైంది. మా ఆయన చేతి కట్టుతోనే సిద్ధమయ్యాడు. నేను బానెట్ ఎత్తి నీళ్ళు చూడబోతున్నాను. మా అత్త తలస్నానం చేసి పళ్ళెంతో వచ్చింది. బండికి బొట్టు పెట్టింది. హారతి ఇచ్చింది. పళ్ళెంలో అక్షింతలున్నాయి. వాటిని పిడికిట్లో తీసుకుని ఆగిపోయింది. రేడియేటర్ మూత వైపు చూసింది. నావైపు చూసింది.

వద్దని ఆమెకు నేనెలా చెప్పేది? దేవుడి పేరు పెట్టి తెచ్చినవి. పళ్ళెంలోకి తిరిగి వేయమనడానికి నోరు రాలేదు.

"వంగు" అంది.

"ఏమత్తా?"

"వంగు అంటే వంగు. బండిని నువ్వు సూసుకుంటావు. నిన్ను ఎవురు సూసుకునేది?"

వంగాను. గ్రీజు మరకల కొంగు నెత్తి మీద ఉంది. దాన్ని పక్కకు తోసి, నా తల మీద ఆ పిడికెడూ పోసి, అరచెయ్యి అక్కడే ఉంచి పెదవులు కదిలిస్తూ ఏదో మొక్కుకుంది. బియ్యం చెవుల పక్కనుంచి, మెడ మీదుగా జారింది. నా కళ్ళు మసకబారాయి. ఆ మసకలోనే రేడియేటర్ మూత తీసి, నీళ్ళు చూద్దామని బానెట్ కిందికి ఒంగబోయాను.

వెనక నుంచి మా అత్త పెద్ద కేక పెట్టింది.

"మే, ఆగు ఆగు! నెత్తి దులుపుకోని పో!"